గడ్డిమందు, మెదడు, మధ్యలో ఒక ఎలక్ట్రాన్

తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల మాగాణుల్లో సార్వా వరి కోతకు వచ్చే నాటికి నేలలో పదును ఇంకా మిగిలే ఉంటుంది. ఆ పదును ఆరిపోకముందే రెండో పంట విత్తనం నేలలో పడాలన్నది కృష్ణా పశ్చిమ డెల్టా సేద్యంలో పాత పద్ధతి. ఒకప్పుడు ఆ రెండో పంట చాలావరకు మినుమే. కోతకు రెండు మూడు రోజుల ముందు నిలువు చేలోనే విత్తనం చల్లి, మిగిలిన తేమతోనే పంట తీసేవారు. పల్లాకు తెగులు, బంగారు తీగ మినుమును ఏటికేడు దెబ్బతీయడం, కాల్వ నీరు ఆలస్యమై వరి కోతలు వెనక్కి జరగడం వంటి కారణాల వల్ల 2000 తర్వాతి సంవత్సరాల్లో చాలామంది రైతులు మొక్కజొన్న వైపు మళ్లారు. వరి కోసిన మడిని దున్నకుండా, కర్రతో గుంటలు పొడిచి గింజలు వేసుకుంటూ పోయే ఈ పద్ధతిని వ్యవసాయ శాస్త్రవేత్తలు జీరో టిల్లేజ్ అంటారు. దుక్కి ఖర్చు మిగలడం, అదును తప్పకుండా విత్తుకోగలగడం వల్ల అది డెల్టాలో త్వరగానే పాకింది.

అయితే దున్నని నేలలో వరి దుబ్బులు చావవు. అవి మళ్లీ పిలకలు వేస్తాయి, వాటి మధ్య గడ్డీ తుంగా లేస్తాయి. నాగలి చేయవలసిన ఆ పనిని మందు చేత చేయించక తప్పదు కనుక, మొక్కజొన్న మొలకెత్తక ముందే పచ్చదనమంతటినీ ఎండగొట్టే పారాక్వాట్‌నూ, కొత్తగా మొలిచే కలుపును ఆపే అట్రజిన్‌నూ కలిపి పిచికారీ చేయడం ఈ సాగులో భాగమైంది. డబ్బా మీద పారాక్వాట్ డైక్లోరైడ్ 24 శాతం అని అచ్చు వేసి ఉండే ఈ ద్రావణాన్ని ఊళ్లో ఎవరూ ఆ పేరుతో పిలవరు. గడ్డిమందు అంటే చాలు, దుకాణంలో ఇచ్చేస్తారు. ఎండ కాసే రోజున కొడితే మర్నాటికే ఆకులు వాడి, రెండు మూడు రోజుల్లో మడి అంతా గడ్డివాము రంగులోకి మారుతుంది. అంత వేగంగా పనిచేసే కలుపు మందులు అరుదు. ఆ వేగానికి కారణమైన రసాయన చర్యే మనిషి మెదడులోని ఒక చిన్న నాడీకణ సమూహానికి ముప్పు తేగలదన్న అనుమానం శాస్త్రవేత్తలకు కలిగి నలభై ఏళ్లు దాటింది. ఆక్సీకరణ ఒత్తిడి అంటే ఏమిటో అర్థం చేసుకోవడానికి డెల్టా రైతుకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

పారాక్వాట్ అణువు పుట్టింది పొలం కోసం కాదు. 1882లో మొదటిసారి తయారైన ఈ పదార్థం 1930ల్లో ప్రయోగశాలల్లో మిథైల్ వయోలోజన్ అనే పేరుతో సూచికగా వాడుకలోకి వచ్చింది. రంగులేని ద్రావణం ఒక ఎలక్ట్రాన్‌ను అందుకోగానే నీలంగా మారడం, ఆక్సిజన్ తగలగానే ఆ ఎలక్ట్రాన్‌ను వదిలేసి మళ్లీ మొదటి రూపానికి రావడం దాని లక్షణం. దానికి మొక్కలను చంపే శక్తి ఉందని 1955లో ఇంగ్లండ్‌లోని ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ పరిశోధకులు గుర్తించారు, 1962లో గ్రామాక్సోన్ అనే పేరుతో అది బజారుకు వచ్చింది. సూచికగా పనికొచ్చిన గుణమూ కలుపు మందుగా పనికొచ్చిన గుణమూ ఒకటే: ఎలక్ట్రాన్‌ను పుచ్చుకోవడం, ఆక్సిజన్‌కు ఇచ్చేయడం.

ఆకులో సూర్యకాంతి పడినప్పుడు పత్రహరితం ఉన్న పొరల్లో ఎలక్ట్రాన్లు ఒక ప్రోటీన్ నుంచి మరో ప్రోటీన్‌కు ప్రవహిస్తూ చివరకు చక్కెర తయారీకి కావలసిన శక్తిగా మారతాయి. పారాక్వాట్ ఆ వరుస చివర దగ్గర నిలబడి ఎలక్ట్రాన్‌ను మధ్యలోనే అందుకుంటుంది, పక్కనే ఉన్న ఆక్సిజన్ అణువుకు అంటగడుతుంది, తాను మాత్రం ఏమీ నష్టపోకుండా మరో ఎలక్ట్రాన్ కోసం సిద్ధమవుతుంది. సరుకు తనది కాదు, సొమ్ము తనది కాదు, అయినా చేతులు మారిన ప్రతిసారీ నష్టం మిగిల్చిపోయే దళారి వంటిది అది. ఎండ ఉన్నంత సేపూ ఈ మారకం సాగుతూనే ఉంటుంది కాబట్టి కొద్దిపాటి మందు కూడా లెక్కలేనన్ని ఆక్సిజన్ అణువులను చెడగొట్టగలదు. అలా ఒక ఎలక్ట్రాన్ అదనంగా చేరిన ఆక్సిజన్‌కు సూపర్ ఆక్సైడ్ అని పేరు. దాని నుంచి పుట్టే ఇతర పదార్థాలు ఆకుకణాల పొరల్లోని కొవ్వులకు తూట్లు పొడుస్తాయి, కణంలోని నీరు బయటికి కారిపోతుంది, ఆకు ఎండిపోతుంది.

ఇంత తీవ్రమైన మందు మొక్కజొన్న గింజను ఎందుకు చంపదన్న ప్రశ్నకు జవాబు డెల్టా నేలలోనే ఉంది. పారాక్వాట్ అణువుకు రెండు ధనావేశాలు ఉంటాయి, నల్లరేగడి బంకమట్టి రేణువులకు రుణావేశం ఉంటుంది. నేలను తాకగానే మందు మట్టికి గట్టిగా అతుక్కుపోయి వేళ్లకు అందకుండా పోతుంది. ఈ మందు కడుపులోకి పోయినవారికి ఆసుపత్రిలో తొలి గంటల్లో తాగించే పదార్థాల్లో ఫుల్లర్స్ ఎర్త్ ఒకటి. ఆడవాళ్లు ముఖానికి రాసుకునే ముల్తానీ మట్టి అదే జాతిది. మట్టికి అతుక్కునే గుణాన్ని నమ్ముకుని చేసే చికిత్స అది, ఎందుకంటే పారాక్వాట్‌కు విరుగుడు మందు లేదు. ఊపిరితిత్తుల కణాలు దాన్ని పనిగట్టుకుని లోపలికి లాక్కుంటాయి; అక్కడ ఆక్సిజన్‌కు కొదవ లేదు. ఊపిరి అందని రోగికి ఆక్సిజన్ పెట్టడం ఏ ఆసుపత్రిలోనైనా మొదటి పని, కానీ ఈ ఒక్క విషయంలో వైద్యులు చేయి వెనక్కి తీసుకుంటారు. తప్పనిసరి అయితే తప్ప పెట్టరు, ఎందుకంటే పెట్టిన ఆక్సిజనే విషానికి మేత అవుతుంది.

ఆక్సీకరణ ఒత్తిడి అనే మాటను శాస్త్ర పరిభాషలో స్థిరపరిచింది జర్మన్ జీవరసాయన శాస్త్రవేత్త హెల్ముట్ సీస్, 1985లో. శరీరంలో ఆక్సిజన్ నుంచి పుట్టే చురుకైన, ఇతర అణువులను చెడగొట్టే పదార్థాలకూ, వాటిని అణచివేసే రక్షణ వ్యవస్థకూ మధ్య ఉండవలసిన సమతూకం మొదటి వైపు ఒరిగిపోతే ఆ స్థితిని ఆక్సీకరణ ఒత్తిడి అంటారు. ఇక్కడ ఒత్తిడి అంటే మానసిక ఒత్తిడి కాదు, ఇది పూర్తిగా రసాయన శాస్త్రానికి సంబంధించిన మాట. విషమేదీ తగలని ఆరోగ్యవంతుడి కణాల్లో కూడా సూపర్ ఆక్సైడ్ నిత్యం కొద్దికొద్దిగా పుడుతూనే ఉంటుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే సూక్ష్మభాగాల్లో, తిన్న అన్నం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఒక వరుసలో ప్రయాణించి చివరకు ఆక్సిజన్‌తో కలిసి నీరుగా మారాలి. ఆ ప్రయాణంలో కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి ముందే ఆక్సిజన్‌ను పట్టుకుంటాయి. ఆ వరుసలో మొదటిదీ పెద్దదీ అయిన ప్రోటీన్ సముదాయానికి కాంప్లెక్స్-1 అని పేరు, దారి తప్పే ఎలక్ట్రాన్లలో చాలా భాగం అక్కడివే.

పుట్టిన సూపర్ ఆక్సైడ్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చే ఎంజైమ్ ఒకటి ఉందని 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ కనిపెట్టారు. దాని పేరు సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్. ఆక్సిజన్ పీల్చే జీవుల్లో దాదాపు అన్నిటిలో అలాంటి ఎంజైమ్ ఉండటమే ఆక్సిజన్ ఎంత ప్రమాదకరమైన నేస్తమో చెబుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నీరుగా మార్చే పనిని కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే మరో రెండు ఎంజైములు చూసుకుంటాయి. రెండోదానికి ముడిసరుకు గ్లూటాథయోన్; మూడు అమైనో ఆమ్లాలు కలిసిన ఈ చిన్న అణువు ఒకసారి పనిచేశాక ఆక్సీకరణం చెందుతుంది, దాన్ని తిరిగి పనికొచ్చే రూపంలోకి తేవడానికి కణం ఎన్‌ఏడీపీహెచ్ అనే మరో పదార్థాన్ని ఖర్చుపెట్టాలి. ఈ గొలుసులో ఎక్కడ లోటు పడినా పెరాక్సైడ్ పేరుకుంటుంది, పక్కన ఇనుము అయాన్లు ఉంటే హైడ్రాక్సిల్ రాడికల్‌గా విడిపోతుంది. ఎదురైన దేనినైనా, కొవ్వునైనా ప్రోటీన్‌నైనా డీఎన్‌ఏనైనా, పుట్టిన చోటే కాల్చేసే హైడ్రాక్సిల్ రాడికల్‌ను అడ్డుకోవడానికి శరీరంలో ప్రత్యేకమైన ఎంజైమ్ ఏదీ లేదు.

ఫ్రిడోవిచ్ ప్రయోగశాలలోనే 1970ల చివర్లో బాక్టీరియాల్లో సూపర్ ఆక్సైడ్‌ను కావాలని పెంచవలసి వచ్చినప్పుడు వాడిన పదార్థం పారాక్వాట్. అప్పటి నుంచి కణాలను ఆక్సీకరణ ఒత్తిడికి గురిచేయాలంటే ప్రయోగశాలల్లో తరచుగా ఆశ్రయించే సాధనం అది. గడ్డిని ఎండబెట్టే మందే పరిశోధకుల చేతిలో కొలబద్ద అయిందన్న సంగతి దుకాణాల్లో దాన్ని అమ్మేవారికి సైతం తెలిసి ఉండదు.

శరీరంలో ఏ అవయవానికైనా ఆక్సీకరణ ఒత్తిడి చేటే అయినా మెదడుకు దాని బాధ ఎక్కువ. బరువులో మెదడు శరీరంలో నూటికి రెండు పాళ్లు మాత్రమే, కానీ పీల్చిన ఆక్సిజన్‌లో దాదాపు ఐదో వంతు అదే వాడుకుంటుంది. నాడీకణాల పొరల్లో చేపనూనెలో ఉండే డీహెచ్‌ఏ వంటి, సులువుగా ఆక్సీకరణం చెందే కొవ్వులు దండిగా ఉంటాయి. కాలేయంతో పోలిస్తే కెటలేజ్ అక్కడ చాలా తక్కువ. అన్నిటికీ మించి, చర్మకణమో పేగుకణమో చెడితే దాని చోట మరొకటి పుడుతుంది గానీ, పెద్దవారి మెదడులో చచ్చిన నాడీకణం స్థానంలో మరొకటి రావడం దాదాపు లేదనే చెప్పాలి.

ఆ మెదడులోనూ అన్ని కణాలూ ఒకే రకంగా దెబ్బతినవు. మెదడు కాండంలో, పై భాగాన, సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న ప్రాంతం ఉంది. నల్లని పదార్థం అని ఆ లాటిన్ మాటకు అర్థం, కోసి చూస్తే నిజంగానే నల్లగా కనిపిస్తుంది. మనిషి మెదడులోని సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో ఈ నల్లకణాలు కొన్ని లక్షలే, కానీ కదలికలను తీర్చిదిద్దే డోపమిన్ అనే రసాయనాన్ని అవి తయారుచేసి పంపుతాయి. ఒక్కొక్క కణం తోక చిలువలు పలువలుగా చీలి లక్షల సంఖ్యలో సంధులను పోషించాలి, అందుకు అంతులేని శక్తి కావాలి, అంటే మైటోకాండ్రియాలు ఎడతెరిపి లేకుండా పనిచేయాలి. డోపమిన్ తనంతట తానే ఆక్సీకరణం చెందే స్వభావం గలది, ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టిన ప్రతిసారీ హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. నల్లరంగును ఇచ్చే న్యూరోమెలనిన్ ఇనుమును పోగుచేస్తుంది. ముప్పు తెచ్చే సరంజామా అంతా ఒకే చోట చేరిందన్నమాట. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించిన వణుకుడు జబ్బులో రాలిపోయేవి ఈ కణాలే. ఆ రోగుల నల్లప్రాంతంలో గ్లూటాథయోన్ గణనీయంగా పడిపోయి ఉంటుందనీ, కాంప్లెక్స్-1 మందగించి ఉంటుందనీ 1980ల చివర, 1990ల మొదట జరిగిన శవ పరీక్షల్లో తేలింది. చేతివేళ్లు వణకడం మొదలయ్యేసరికే కణాల్లో దాదాపు సగం పోయి ఉంటాయి కనుక, జబ్బు బయటపడే రోజుకూ అది మొదలైన రోజుకూ మధ్య పదేళ్లకు పైగా గడిచి ఉండవచ్చు. విషంతో సంబంధాన్ని రుజువు చేయడం ఇంత కష్టం కావడానికి ప్రధాన కారణం ఆ ఎడమే.

బయటి నుంచి వచ్చే రసాయనం ఒకటి ఈ కణాలను ఏరి మరీ చంపగలదన్న సంగతి 1982లో కాలిఫోర్నియాలో వెల్లడైంది. దొంగచాటుగా తయారైన మత్తుమందు ఎక్కించుకున్న కొందరు యువకులు రోజుల వ్యవధిలో కొయ్యబారిపోయి, ముదిరిన పార్కిన్సన్ రోగుల్లా ఆసుపత్రికి చేరారు. నాడీవైద్యుడు విలియం లాంగ్‌స్టన్ బృందం ఆ మందులో ఎంపీటీపీ అనే మలినాన్ని పట్టుకుంది, 1983లో ఆ పరిశోధన సైన్స్ పత్రికలో వచ్చింది. మెదడులోకి వెళ్లిన ఎంపీటీపీ అక్కడి ఎంజైమ్ వల్ల ఎంపీపీ ప్లస్ అనే అయాన్‌గా మారుతుంది, డోపమిన్‌ను తిరిగి లోపలికి తీసుకునే వాహక ప్రోటీన్ దాన్ని కూడా డోపమిన్ అనుకుని నల్లకణంలోకి చేరవేస్తుంది, లోపల అది కాంప్లెక్స్-1ను మూసేస్తుంది. ఆ ఎంపీపీ ప్లస్ నిర్మాణాన్ని కాగితం మీద గీసి చూసిన రసాయన శాస్త్రవేత్తలకు వెంటనే స్ఫురించింది పారాక్వాటే. రెండూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఎంపీపీ ప్లస్‌ను సైపర్‌క్వాట్ అనే పేరుతో కలుపు మందుగా పరీక్షించిన చరిత్ర కూడా ఉంది.

పోలిక ఉన్నంత మాత్రాన పని ఒకటే అయిపోదు, తర్వాతి ఇరవై ఏళ్ల పరిశోధన ఆ తేడాలను విప్పిచెప్పింది. రెండు ధనావేశాలున్న పారాక్వాట్ రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే కట్టుదిట్టమైన పొరను తనంతట తాను దాటలేదు. వాలీన్ వంటి అమైనో ఆమ్లాలను మెదడులోకి చేర్చే వాహక ప్రోటీన్ ద్వారా కొంత లోపలికి పోతుందని ఎలుకల మీద ప్రయోగాలు సూచించాయి. ఇందులో ఒక విడ్డూరం ఉంది: పార్కిన్సన్ రోగులకు ఇచ్చే ప్రధాన ఔషధం ఎల్-డోపా మెదడులోకి వెళ్లేదీ అదే ప్రోటీన్ మీదుగానే. పల్లెల్లో పొరపాటున ముట్టుకుంటే ఒళ్లంతా దురద పుట్టించే దూలగొండి గింజల్లో ఎల్-డోపా ఉందని 1937లోనే భారతీయ రసాయన శాస్త్రవేత్తలు వేరుచేసి చూపారు. లోపలికి వెళ్లిన పారాక్వాట్, ఎంపీపీ ప్లస్ మాదిరిగా కాంప్లెక్స్-1ను నేరుగా మూయదు. ఆకులో చేసిన పనే ఇక్కడా చేస్తుంది. సూర్యకాంతికి బదులు ఎన్‌ఏడీపీహెచ్ నుంచి ఎలక్ట్రాన్‌ను లాక్కుని ఆక్సిజన్‌కు అంటగడుతుంది. నష్టం రెండు వైపులా జరుగుతుంది, సూపర్ ఆక్సైడ్ పెరగడం ఒక వైపు, గ్లూటాథయోన్‌ను బాగుచేయవలసిన ఎన్‌ఏడీపీహెచ్ తరిగిపోవడం మరో వైపు. చుట్టూ ఉండే మైక్రోగ్లియా అనే రక్షక కణాలు రెచ్చిపోయి మరింత సూపర్ ఆక్సైడ్‌ను వదులుతాయి. వారానికి ఒకటి చొప్పున మూడు సూదులు పారాక్వాట్ ఇచ్చిన ఎలుకల్లో నల్లకణాలు సుమారు నాలుగో వంతు తగ్గాయని 2002లో ప్రచురితమైన ప్రయోగం చెప్పింది. సూదితో కాకుండా గాలిలో స్వల్పంగా పీల్పించినా ముక్కు మీదుగా మందు మెదడుకు చేరిందనీ, మగ ఎలుకల్లో వాసన పట్టే శక్తి దెబ్బతిన్నదనీ 2020 చివర్లో అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు వెల్లడించారు. వాసన తెలియకపోవడం పార్కిన్సన్ వ్యాధికి వణుకు కంటే ఏళ్ల ముందు కనిపించే లక్షణం.

ఎలుక సంగతి సరే, మనిషి సంగతి ఏమిటన్నది న్యాయమైన ప్రశ్న. 2009లో కాలిఫోర్నియా మధ్య లోయలో జరిగిన అధ్యయనంలో, ఇంటికి 500 మీటర్ల లోపు పొలాల్లో పారాక్వాట్, మానెబ్ అనే శిలీంధ్రనాశిని రెండూ వాడిన చోట్ల నివసించినవారికి పార్కిన్సన్ ముప్పు 75 శాతం ఎక్కువని తేలింది. 2011లో అయోవా, నార్త్ కరోలినా రాష్ట్రాల రైతుల్లో 110 మంది రోగులను 358 మంది ఆరోగ్యవంతులతో పోల్చినప్పుడు, పారాక్వాట్ వాడినవారిలో ముప్పు రెండున్నర రెట్లు కనిపించింది. అదే రాష్ట్రాల్లో మరింత పెద్ద రైతు సమూహాన్ని పరిశీలించి 2020లో వెలువరించిన నివేదికలో మాత్రం మొత్తం మీద అటువంటి సంబంధం కనబడలేదు. తలకు దెబ్బ తగిలిన చరిత్ర ఉన్నవారిలోనే అది పైకి తేలింది. తయారీదారులు కారణ సంబంధం రుజువు కాలేదనే వాదిస్తున్నారు, కచ్చితమైన అర్థంలో ఆ మాట అబద్ధం కాదు. అయితే ఈ వాదంలో తరచుగా మరుగున పడిపోయే రెండు ఫలితాలున్నాయి, డెల్టా రైతుకు పనికొచ్చేవి అవే. గ్లూటాథయోన్ సాయంతో విషాలను తొలగించే జీఎస్‌టీటీ-1 అనే ఎంజైమ్ జన్యువు పుట్టుకతో లేని మగవారు పారాక్వాట్ వాడితే వారిలో ముప్పు పదకొండు రెట్లు ఉందనీ, ఆ జన్యువు ఉన్నవారిలో ఒకటిన్నర రెట్లేననీ 2012లో తేలడం మొదటిది. అంటే ఒకే పొలంలో ఒకే రోజు మందు కొట్టిన ఇద్దరికి ఒకే ఫలితం రానక్కరలేదు. చేతికి తొడుగులు సగానికి పైగా సందర్భాల్లో వేసుకున్నవారిలో పారాక్వాట్‌కూ జబ్బుకూ సంబంధం కనిపించలేదనీ, వేసుకోనివారిలోనే కనిపించిందనీ 2015లో తేలడం రెండోది.

ఆక్సీకరణ ఒత్తిడి కథలో తెలుగు నేల మీది విశ్వవిద్యాలయాలకూ పాత్ర ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, బెంగళూరులోని నిమ్హాన్స్‌లో, ఆ తర్వాత మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి తొలి సంచాలకురాలిగా పనిచేసిన విజయలక్ష్మి రవీంద్రనాథ్ బృందం, ఎంపీటీపీ తగిలిన ఎలుక మెదడులో కాంప్లెక్స్-1 ఎలా దెబ్బతింటుందో పరిశోధించింది. కాంప్లెక్స్-1లోని గంధక భాగాలు ఆక్సీకరణం చెందడం వల్లనే అది ఆగిపోతుందనీ, గ్లూటాథయోన్‌ను వాడుకుని వాటిని బాగుచేసే గ్లూటారెడాక్సిన్ అనే చిన్న ప్రోటీన్ ఉంటే అది తిరిగి కోలుకుంటుందనీ 2003లో వారు చూపారు. ఆడ ఎలుకల మెదడులో ఆ ప్రోటీన్ ఎక్కువగా ఉండటం వల్ల వాటికి నష్టం తక్కువని మరుసటి ఏడాది ప్రకటించారు. పార్కిన్సన్ మగవారిలో ఎక్కువగా కనిపించడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు దశాబ్దాల పాటు చేసిన కృషి డీఎన్‌ఏ వైపు నుంచి సాగింది. నాడీకణం విభజన చెందదు కాబట్టి ఆక్సీకరణ వల్ల చెడిన డీఎన్‌ఏ అక్షరాన్ని ఉన్నచోటనే కత్తిరించి కొత్తది అతికించుకోవాలి. వయసు మీరిన ఎలుకల నాడీకణాల్లో ఆ మరమ్మతు మందగిస్తుందనీ, డీఎన్‌ఏ పాలిమరేజ్ బీటా, లైగేజ్ అనే ఎంజైములను బయటి నుంచి అందిస్తే ఆ శక్తి పుంజుకుంటుందనీ ఆయన బృందం నిరూపించింది. ఇరవై ఏళ్ల కుర్రవాడికి తగిలిన దెబ్బ అరవై ఏళ్లప్పుడు బయటపడటంలోని మర్మం కొంతైనా ఇక్కడ దొరుకుతుంది.

ఆక్సీకరణే శత్రువైతే యాంటీ ఆక్సిడెంట్ బిళ్లలు మింగితే సరిపోదా అన్న ఆలోచన సహజం, మందుల షాపుల్లో దాని మీద నడిచే వ్యాపారం కూడా చిన్నది కాదు. పరీక్షకు నిలబెట్టినప్పుడు ఆ ఆశ నెరవేరలేదు. అమెరికా, కెనడాల్లో 800 మంది తొలిదశ పార్కిన్సన్ రోగులకు విటమిన్ ఈ పెద్ద మోతాదులో ఇచ్చి చూసిన అధ్యయనం 1993లో దానివల్ల ప్రయోజనం లేదని తేల్చింది, కోఎంజైమ్ క్యూ-10తో 600 మంది మీద చేసినది 2014లో అదే చెప్పింది. జబ్బు బయటపడేసరికే సగం కణాలు పోయి ఉండటం ఒక కారణం. మింగిన బిళ్లలోని పదార్థం నల్లకణం లోపలి మైటోకాండ్రియా దాకా, కావలసినంత, కావలసిన వేళకు చేరకపోవడం మరొకటి. రోజూ పుట్టే కొద్దిపాటి పెరాక్సైడ్‌ను కణాలు సంకేతంగా కూడా వాడుకుంటాయి కనుక ఆక్సీకరణను మొత్తంగా తుడిచేయడం మంచిదీ కాదు. సీసాల మీద అచ్చు వేసే నాడీ రక్షణ అనే మాటకు ఆ మేరకే విలువ కట్టాలి.

మందు డబ్బా మీది గుర్తు గురించి కూడా ఇలాగే మాట్లాడుకోవాలి. భారతదేశంలో పురుగుమందుల డబ్బాలపై ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణాలు ఉంటాయి, పారాక్వాట్‌ది పసుపు. ఆ రంగులను నిర్ణయించేది, ప్రధానంగా ఎలుకల్లో సగం చావడానికి ఒక్కసారిగా ఇవ్వవలసిన మోతాదు. ఇరవై సీజన్ల పాటు ముంజేతుల మీద, పిక్కల మీద పడ్డ తుంపర్ల సంగతి ఆ త్రికోణం చెప్పదు. తాగినవారే పోతారు, కొట్టినవారికి ఏమీ కాదన్న ఊరి నమ్మకానికి ఆ గుర్తు తెలియకుండానే ఊతమిస్తోంది. గాయం లేని పొడి చర్మం పారాక్వాట్‌ను తక్కువగానే పీలుస్తుంది, అది నిజం. కానీ కోసిన వరి మడిలో కొయ్యకాళ్లు గీరిన కాళ్లతో, వీపు మీది స్ప్రేయర్ మూత దగ్గర కారి తడిసిన చొక్కాతో, నాజిల్‌లో నలక పడితే వట్టి చేత్తో విప్పి ఊదుకుంటూ నడిచే మనిషి చర్మం అలా ఉండదు. ఈ మందు తరచుగా కలిపేవారి గోళ్లు తెల్లచారలు పడి, మొరటుబారి, కొన్నిసార్లు ఊడిపోవడాన్ని వైద్యులు చాలా దేశాల్లో నమోదు చేశారు. ముక్కు వెంట రక్తం రావడం కూడా అంతే. తాగకుండా ఉండేందుకని ద్రావణానికి నీలి ఆకుపచ్చ రంగు, దుర్వాసన, వాంతి మందు కలుపుతున్నారు. ఆ జాగ్రత్తలన్నీ నోటి గురించినవే, చేతుల గురించి ఒక్కటీ లేదు.

స్వీడన్ వేసిన దావాలో ఐరోపా న్యాయస్థానం 2007 జులై 11న పారాక్వాట్ అనుమతిని రద్దుచేసింది, నాడీవ్యవస్థకు సంబంధించిన ఆధారాలను సరిగా పరిశీలించలేదన్నది అందులో ఒక కారణం. దక్షిణ కొరియా, చైనా, థాయిలాండ్, బ్రెజిల్ ఆ తర్వాత దాన్ని మానేశాయి, మన దేశంలో కేరళ 2011లో నిషేధించింది. అమెరికాలో అది ఇప్పటికీ శిక్షణ పొందిన అనుమతిదారులకే అమ్మే మందు. ఇక్కడ ఎవరైనా కొనవచ్చు. 1945లో వెలసిన వ్యవసాయ కళాశాల, 1986లో సాంబ మసూరిని దేశానికిచ్చిన పరిశోధన క్షేత్రం ఉన్న బాపట్లకు, దున్నని మొక్కజొన్నలో పారాక్వాట్ లేకుండా వరి దుబ్బులను అణిచే మార్గం కనిపెట్టడం శక్తికి మించిన పని కాదు. ఆ మార్గం వచ్చేదాకా కనీసం చిక్కటి ద్రావణాన్ని ట్యాంకులో పోసే క్షణంలోనైనా రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు ఉండాలి, ఎందుకంటే నీళ్లు కలపని మందు చేతికి అంటుకోవడమే అసలు ప్రమాదం. కారే స్ప్రేయర్‌ను వీపున వేసుకోకూడదు, గాలికి ఎదురు నడవకూడదు, పని ముగియగానే బట్టలు మార్చి సబ్బుతో కడుక్కోవాలి, కాళ్లపై పుండ్లుంటే ఆ రోజు ఆ పని మరొకరికి అప్పగించాలి. తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాల్లో వణుకుతో, వాసన తెలియడం లేదన్న మాటతో వచ్చే రోగులను చూసే వైద్యులు కేసు షీటులో షుగరు, బీపీల పక్కన మరో మూడు ప్రశ్నలు రాసుకోవాలి: పొలంలో ఏ మందులు కొట్టారు, ఎన్నేళ్లు కొట్టారు, చేతికి తొడుగు ఉండేదా.